రావి మొక్క పీకే మేస్త్రి

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ప్రేమ్‌నాథ్ ఇల్లు ఎక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు తెల్లమొహం వేస్తారు. రావి మేస్త్రి ఇల్లు అనండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మం ముందు నిలబెడతారు. అరవయ్యెనిమిదేళ్ళ బక్కపలచటి మనిషి. సున్నంలో నాని నాని వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ కొట్టులో మిషను మీద వేలు పెడితే అది ఈయన్ని మనిషిగా ఒప్పుకోదు. రెండుసార్లు మూడుసార్లు తుడుచుకుని పెట్టాలి.

తండ్రీ తాతా అందరూ సున్నపు పనివాళ్ళే. ఇప్పుడు మిద్దె అంటే ఇనప కమ్మీ, కంకర, సిమెంటు. ప్రేమ్‌నాథ్ నేర్చుకున్న మిద్దె వేరు. టేకు దూలాలు పరిచి, వాటి మీద సన్న ఇటుకల్ని ఐమూలగా నిలబెట్టి పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన గచ్చు పోస్తారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆ గచ్చుని చెక్కలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ కొడతారు. ఆ నీళ్ళు చాలినంత చిక్కగా ఉన్నాయో లేదో ప్రేమ్‌నాథ్ తండ్రి నాలుక మీద వేసుకుని చెప్పేవాడు. కొడుక్కీ ఆ నాలుక వచ్చింది. ఏం లాభం? నాలుక వచ్చేసరికి పని పోయింది. ఊరంతా స్లాబులకు మారిపోయింది. పాత మిద్దెల పగుళ్ళు పూడ్చడం, వాన నీళ్ళు పోయే తూములు బాగుచెయ్యడం, వాటితోపాటు రావి మొక్కలు పీకడం, ఇవే ఆయన చేతికి మిగిలాయి.

రావి మొక్క సంగతి చెప్పాలి. ఏ కాకో ఏ గోరింకో రెట్ట వేస్తే అందులోని గింజ మిద్దె పగుల్లో పడుతుంది. ఓ వాన కురిస్తే రెండాకులు వేస్తుంది. అప్పుడు గోటితో గిల్లి పారేస్తే తీరిపోతుంది. కానీ రావి దేవుడాయె! పీకితే కళ్ళు పోతాయని, వంశం నిలవదని భయం. అలాగని వదిలేస్తే ఊరుకునే చెట్టా అది? వేరు దారంలా సందులోకి దూరి, తాడులా లావెక్కి, గోడని రెండుగా చీల్చి కూర్చుంటుంది. అందుకని మనవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రేమ్‌నాథ్ క్రైస్తవుడు, ఆయనకి రావి దేవుడు కాదు, కాబట్టి ఆయన పీకితే ఎవరికీ దోషం అంటదు. ఎంత తెలివో చూడండి! పాపం ఉంటే మేస్త్రిది, ఇల్లు మాత్రం తమది. ఆయనకి ఇదంతా తెలియక కాదు. "అంతమంది పాపం మోసే సామి మా దగ్గర ఒకరు ముందే ఉండారులే," అని నవ్వేసి మిద్దె ఎక్కేవాడు.

ఆ ఇళ్ళన్నిటిలోకీ ఆయనకి సొంతిల్లు లాంటిది అమ్మణిది. అమ్మణి పెనిమిటి గోవిందస్వామి బతికున్నప్పటి నుంచీ, అంటే నలభయ్యేళ్ళుగా, అక్టోబరులో ఐపసి నెల వానలు మొదలయ్యే ముందు ఆమె కబురు పెట్టడం, ఈయన వెళ్ళడం. ఆమె ఈయన్ని అన్నా అంటుంది. ఆమె కొడుకు వెంకటపతి మామా అంటాడు. మూడు గదుల మిద్దె ఇల్లు. ముందు గదిలో కొడుకూ కోడలూ, వెనక వంటిల్లు, నడిమి గదిలో అమ్మణి మంచం, దేవుడి పటాలు. ప్రేమ్‌నాథ్ మిద్దె ఎక్కే ముందు అమ్మణి గ్లాసుడు పాలు ఇస్తుంది. మొక్క మొదట్లో పొయ్యమంటుంది. పోసేదాకా చెంపలు వేసుకుంటూ మెట్ల దగ్గర నిలబడి, తర్వాత వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఆయన పీకి, వేరుతో సహా తెచ్చి చూపించి, రైలు పట్టాల పక్క ఖాళీ జాగాలో నాటి వస్తాడు. వచ్చాక ఆకేసి అన్నం పెడుతుంది. పండగ లాంటిదే అది వాళ్ళిద్దరికీ.

మిచాంగ్ తుఫాను నాడు ఊరు ఊరంతా నీళ్ళలో తేలింది గదా, ఆ ఇంటి నడిమి గదిలో మాత్రం చుక్క కారలేదు. వెంకటపతి అంబత్తూరులో తను పనిచేసే కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాడట. అమ్మణి ఏకంగా వీధిలో నిలబడి, "మా అన్న చెయ్యి పడిన మిద్దె. ఆయన నిలుస్తాది అంటే నిలిచినట్టే," అన్నది. ఆ మాట చెవిన పడ్డ రోజు ప్రేమ్‌నాథ్ ఇంటికొచ్చి భార్య పరిమళకి నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారి ఆమె, "చాలులేయ్యా, మిద్దె ఎక్కి కూస్తావా ఇప్పుడు?" అని కసిరింది. పిల్లలు లేరు, ఆస్తి లేదు. ఆయనకి ఉన్నదల్లా ఆ మాటే. మేస్త్రి చెప్పాడంటే అంతే అనే ఆ ఒక్క మాట.

మరుసటి ఏడు ఐపసిలో ఎప్పటిలా కబురొచ్చింది. వెళ్ళాడు. పాలు పోశాడు. ఈసారి మొక్క పిట్టగోడకి లోపల కాదు, బయటి పక్క మొలిచింది. నడిమి గది పక్క సందులోకి వంగి చూడాలి. వంగాడు. కళ్ళు గిర్రున తిరిగాయి. రెండంతస్తుల ఎత్తు కూడా కాదు, ఒక్క మిద్దె. జీవితమంతా కోతిలా పాకిన మనిషి. పిట్టగోడ పట్టుకుని కూలబడి, చెమట తుడుచుకుని, మళ్ళీ చూశాడు. వేరు సరిగ్గా దూలం గోడలోకి దిగే చోట దూరి ఉంది. దాన్ని తియ్యాలంటే సందులోంచి నిచ్చెన వేసి, రెండు వరసల ఇటుక ఊడదీసి, వేరంతా లాగి, సున్నంతో మళ్ళీ పూడ్చాలి. మూడు రోజుల పని. ఆ నిచ్చెన ఎక్కడం తన వల్ల కాదని ఆయనకి ఆ క్షణమే తెలిసిపోయింది.

తెలిస్తే చెప్పొచ్చు గదా? "అమ్మణీ, నాకు చేతకాదు, ఇంకొకరిని పిలుచుకో" అంటే నోరు పడిపోతుందా? పడిపోయేంత పనే అయింది ఆయనకి. చెయ్యి చాపి అందినంతవరకూ కాండం పట్టుకుని విరిచాడు. ఆకులతో కిందికి దిగాడు. అమ్మణి వంటింటి తలుపు తీసి, "వేరొచ్చిందా అన్నా?" అని అడిగింది.

"వచ్చింది. ఆడే సందులో పడిపాయె," అన్నాడు.

ఆమె చూపించమనలేదు. నలభయ్యేళ్ళ నమ్మకం, చూపించమని ఎట్లా అడుగుతుంది? ఆకు వేసింది. ఆయన సగం తిని ఆకు మడిచేశాడు. చలికాలం పోయాక ఎవరినైనా తోడు తెచ్చుకుని వేరు తీసేస్తానని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది, ఒట్టు ఒట్టుగానే ఉంది.

విరిచిన రావి ఊరుకోదు. ఒక కొమ్మ విరిస్తే నాలుగు వేస్తుంది. చిత్తిరై నెల ఎండల్లో బట్టలారేయడానికి మిద్దె ఎక్కిన వెంకటపతి చూసి, "అమ్మా, మామ పీకిన చోట మళ్ళీ గుబురుగా వచ్చేసింది, నేను కొట్టేస్తా," అన్నాడు. అమ్మణి కస్సుమంది. "ముట్టుకున్నావంటే చూడు! అన్న వస్తాడు, అన్నే తీస్తాడు." రెండుసార్లు కబురు పెట్టింది. ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి సౌకార్‌పేటలో పని ఉందన్నాడు. ఇక అక్కడి నుంచి ఆయన ఆ వీధిలో నడవడమే మానేశాడు. మార్కెట్‌కి పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే అదే. వాళ్ళు ఈయన కోసం చూస్తూ కూర్చున్నారు, ఈయన వాళ్ళకి మొహం చాటేస్తూ తిరిగాడు, మధ్యలో ఆ వేరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. గోటితో పోయేదాన్ని ముగ్గురూ కలిసి గొడ్డలి దాకా తెచ్చారు.

ఆ ఏడు ఐపసిలో కబురు రాలేదు. అమ్మణికి కోపమొచ్చిందేమోనని ఆయనకి కుదురు లేదు. కబురు రానందుకు బాధ, వస్తే ఏం చెయ్యాలోనని భయం. కార్తీకంలో టీవీలో తుఫాను అన్నారు. దానికేదో పేరు చెప్పారు, ఆ పేరు ఆయనకి నోరు తిరగలేదు. రేపు మధ్యాహ్నం నుంచి కుండపోత అన్నారు. ప్రేమ్‌నాథ్ అన్నం కలుపుకుంటూ చెయ్యి ఆపేశాడు. పరిమళ ఆయన మొహం చూసింది.

"అమ్మణక్క ఇంటి సంగతేనా?"

ఆయన కంచం పక్కకి జరిపాడు. సంగతంతా ఆమెకి ఒక్కదానికే తెలుసు. అదీ ఆయన చెప్తే కాదు, నిద్రలో ఆయన కలవరిస్తే.

"నీ పరువు గంగలో కలవనీ," అంది పరిమళ. "ఆయమ్మ నెత్తిన ఏమన్నా పడితే, ఆదివారం గుడికి పోయి ఏ మొహం పెట్టుకుని మోకరిస్తావు? పో. పోయి చెప్పు."

మర్నాడు పొద్దున పదింటికి బయల్దేరాడు. అప్పటికే వాన పట్టింది. గొడుగు పిట్టలా ఎగిరిపోతుంటే మూసేసి తడుస్తూనే వెళ్ళాడు. అమ్మణి తలుపు తీసి, చూసి, కోపం చూపలేదు. తువ్వాలు తెచ్చి ఇచ్చింది. "ఇన్నాళ్ళకి ఈ చెల్లెలు జ్ఞాపకమొచ్చిందా అన్నా? ఒళ్ళు బాగుండాదా?" అంది. తిట్టినా బాగుండేది ఆయనకి.

నేరుగా నడిమి గదిలోకి వెళ్ళాడు. మంచానికి సరిగ్గా పైన, దూలం గోడలోకి దిగే చోట, గోడ నల్లగా చెమ్మెక్కి ఉంది. సంచిలోంచి తాపీ తీసి, బల్ల మీద ఎక్కి, పిడితో దూలాన్ని కొట్టాడు. మంచి టేకు ఖంగుమంటుంది. ఇది డొల్లగా పలికింది. తాపీ మొనతో గుచ్చాడు. నాలుగు వేళ్ళ లోతుకి, తడిసిన రస్కులోకి దిగినట్టు దిగింది. వేరు సందులోంచి ఏడాది పాటు నీళ్ళు తాగిన కట్టె అది. గచ్చు బరువంతా ఇక రెండంగుళాల చెక్క మీద ఆగి ఉంది. ఆయన మెల్లగా బల్ల దిగాడు.

"ఏమన్నా?" అంది అమ్మణి.

"కురుస్తాది మ్మా ఈ గది. మంచం ముందర గదిలోకి మార్చుకో."

ఆమె నవ్వింది. "కురిస్తే గిన్నె పెట్టుకుంటా. మిచాంగ్‌కే ఈడ నుంచి లేవలేదు నేను. కోడలి గదిలో పోయి నేను యాడ పడుకునేది? పటాలు యాడ పెట్టేది?"

"లేదు అమ్మణీ. గాలి గట్టిగా ఉంటాదంట. ఒక్క రెండు రోజులు."

"గాలికి నా మంచం ఎగిరిపోతాదా? నువ్వు చేసిన మిద్దె. నువ్వు పోయినేడు వేరు తీసిన మిద్దె. దీని కింద కాకపోతే ఇంకెవరి మిద్దె కింద పడుకుంటాను చెప్పు!"

ప్రేమ్‌నాథ్‌కి అప్పుడు తగిలింది దెబ్బ. ఆమెని ఆ దూలం కింద కట్టేసింది ఎవరో కాదు, తన మాటే. తను చెప్పిన అబద్ధాన్ని తలకింద దిండులా పెట్టుకుని పడుకుంటోంది మనిషి. కుంటిసాకులు చెప్తే లేవదు. లేవాలంటే ఆ మాట తనే విరిచెయ్యాలి. బయట వాన జోరెక్కింది. షిఫ్టు లేక ఇంట్లోనే ఉన్న వెంకటపతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేను తియ్యలేదు," అన్నాడు ప్రేమ్‌నాథ్.

"ఏమి తియ్యలేదు?"

"వేరు. పోయినేడు నేను వేరు తియ్యలేదు అమ్మణీ. కళ్ళు తిరిగినాయి. పైన విరిచి నీకు అబద్ధం చెప్పినాను. అది దూలంలోకి పోయింది. దూలం చచ్చిపోయింది. ఈ మిద్దె నిలవదు. రేపటిదాకా కూడా నిలవదు."

అమ్మణి తలెత్తి దూలం వంక చూసింది. వెంకటపతి మాత్రం ఊరుకోలేదు. "ఏం మామా ఇది? సంవత్సరం! సంవత్సరం ఈ మంచం మీద మా అమ్మ పడుకుంటా ఉండాది! నేను కొట్టేస్తానంటే ఈమె నువ్వొస్తావని నన్ను ఆపింది. ఒక్క మాట చెప్పలేకపోయినావా? చేతకాదని చెబితే నీ తల తెగి పడుతుందా?"

"ఊరుకో రా," అంది అమ్మణి. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఆ రోజు నేను అడిగినాను గదా అన్నా? వేరొచ్చిందా అని అడిగినాను గదా?"

"అడిగినావు."

"వచ్చిందన్నావు గదా?"

"అన్నాను," అని ఆయన ఏడ్చేశాడు. ఆ ఇంట్లో ఆయన ఏడవడం గోవిందస్వామి పోయిన రోజు తర్వాత అదే.

ఏడవడానికి తీరిక లేదు. ముగ్గురూ, కోడలూ కలిసి గది ఖాళీ చేశారు. పటాలు, మంచం, బీరువా, గోవిందస్వామి ఫొటో, బియ్యం డబ్బా. బీరువా మొయ్యడానికి ప్రేమ్‌నాథ్ ఒక పక్క పట్టుకుంటే, వెంకటపతి ఆయన్ని తప్పించి తనే పట్టుకున్నాడు. ముందు గది దూలం కూడా ప్రేమ్‌నాథ్ కొట్టి చూశాడు. అది ఖంగుమంది. "ఇది గట్టిదే," అన్నాడు. వెంకటపతి ఫోన్ తీసి, రెండు వీధుల అవతల స్నేహితుడి మేడలో చోటుందా అని అడిగాడు. అందరూ అక్కడికే వెళ్ళిపోయారు.

సాయంత్రం నాలుగింటికి నడిమి గది మిద్దె కూలింది. అంత వానలోనూ ఆ చప్పుడు వీధి చివర దాకా వినిపించింది. దూలం ఒక కొస జారితే దాని వెంట సగం మిద్దె దిగిపోయింది. మంచం ఉన్న చోట నడుం ఎత్తున ఇటుక, సున్నం, వాన నీళ్ళు. ముందు గదికి మాత్రం బీట కూడా పడలేదు. వీధిలో వాళ్ళంతా తడుస్తూనే వచ్చి చూసి, "దేవుడు కాపాడినాడు," అన్నారు. ఎవరు కాపాడారో, ఎవరు చంపబోయారో అమ్మణి వాళ్ళకి చెప్పలేదు. కానీ అలాంటివి దాగుతాయా? కోడలు ఎవరికో చెప్పింది, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. వారం తిరక్కుండా పేటంతా తెలిసింది. ఎవరూ ఆయన్ని నిలదీయలేదు. పిలవడం మానేశారు, అంతే. రావి మొక్కలకి ఇప్పుడు ఏదో మందు దొరుకుతోందట, సీసాలో. పోస్తే ఎండిపోతుందట. పోసేవాడికి పాపం ఉందో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు.

మిగతా మిద్దె కూడా తీసేసి వెంకటపతి స్లాబు పోయించాడు. చలి వెనకబట్టిన మాసి నెలలో, కాంట్రాక్టరు మణిమారన్ మనుషులు పొద్దున ఆరింటికే కాంక్రీటు కలిపే మిషను దించారు. ప్రేమ్‌నాథ్‌ని అమ్మణే పిలిచింది. అది ఆమె మంచితనం. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "కూచో అన్నా," అంది. ఆయన కూర్చోలేదు. కమ్మీ కట్టు చూశాడు, తూము వాలు చూశాడు. పని బాగానే చేస్తున్నారు. ఒకటి రెండు చెప్పాలనిపించింది, మింగేశాడు.

మూడింటికి స్లాబు పొయ్యడం అయిపోయింది. పచ్చి సిమెంటు ఇంకా మెరుస్తూ ఉంది. అప్పుడు కాలం కాని కాలంలో ఉత్తరాన ఒక నల్లమబ్బు లేచింది. మణిమారన్ తల పైకెత్తి గొణుక్కున్నాడు. పచ్చి స్లాబు మీద జడివాన పడితే పైపొర కొట్టుకుపోతుంది. ప్రేమ్‌నాథ్ మబ్బు వంక చూశాడు, గాలి ఎటు వీస్తోందో చూశాడు. యాభయ్యేళ్ళుగా మిద్దెల మీద నిలబడి ఆకాశం చూసిన మనిషి. తన చెయ్యి పోయింది, కాళ్ళు పోయాయి, కళ్ళు మాత్రం పోలేదు.

"వాన రాదు మ్మా," అన్నాడు. "ఆ మబ్బు తిరువొత్తియూరు మీదుగా సముద్రంలోకి పోతాది. చూస్తా ఉండు."

"సరి అన్నా," అంది అమ్మణి. నవ్వింది కూడా. రెండడుగులు పక్కకి వేసి, ఆయనకి వినపడకూడదని గొంతు తగ్గించి, "వెంకటపతీ, టార్పాలిన్లు తెప్పించి కప్పించు రా," అంది.

ఆయనకి వినపడింది. మనుషులు పట్టలు తెచ్చారు. గాలికి ఒక కొస లేచిపోతుంటే ప్రేమ్‌నాథ్ వెళ్ళి ఆ కొస పట్టుకుని, దాని మీద రెండు ఇటుకలు పెట్టాడు. ఆమెది తప్పు కాదు. ఆ చోట తనున్నా అదే చేస్తాడు. అరగంటకి మబ్బు సముద్రం వైపు పోయింది. చుక్క రాలలేదు. ఎండ కాసింది. పట్టలు అలాగే ఉన్నాయి.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పరిమళ అడిగింది. "మబ్బు పట్టింది గదా. పచ్చి స్లాబు, వాన పడిందా ఆడ?"

"పడలేదు."

"పడదని నువ్వు చెప్పలేదా వాళ్ళకి?"

"చెప్పినాను," అన్నాడు ప్రేమ్‌నాథ్. "చెప్పినాక కప్పుకున్నారు."